బూడిదమ్మ పాకలో మానని గాయాలు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా పళ్లన్నీ ఇప్పుడే రాలిపోవాలి, ఉన్న రెండూను.

అడవి అంచున బూడిదమ్మ అనే ముసలి కుక్క, దిక్కులేని కుక్కల కోసం ఓ పాక వేసింది. దెబ్బ తగిలినవాళ్లకే చోటు, మానగానే వెళ్లిపోవాలని కట్టడి పెట్టింది. ఇంకేముంది! మూడేళ్లలో అక్కడ ఒక్క గాయమూ మానలేదు. తొమ్మిది వందల కుక్కలుంటే తొమ్మిది వందలూ కుంటేవే.

వాటిలో మచ్చలోడనే కుక్క కాలు ఏనాడో మానింది. కానీ బయట రాళ్లు రువ్వే వీధి గుర్తొచ్చి, వాడూ కుంటుతూనే ఉన్నాడు.

ఓ పొద్దున నిజంగానే కాలు విరిగిన కుక్క ఒకటి ఈడ్చుకుంటూ గుమ్మంలోకొచ్చింది.

"కాలు పెట్టే చోటు కూడా లేదు తల్లీ," అంది బూడిదమ్మ దిగులుగా.

మచ్చలోడు లేచాడు. నాలుగు కాళ్ల మీదా తిన్నగా నడిచొచ్చాడు.

"అమ్మమ్మా, నా గోనెపట్టా దీనికియ్యి. నేను పోతాను."

"ఓరి దొంగా! మొన్న ఎడమ కాలితో కుంటావు, నిన్న కుడి కాలితో. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిసీ ఉంచుకున్నావా?"

"తరిమేస్తే మళ్లీ విరగ్గొట్టుకుని వస్తావని భయం రా. తప్పు నా కట్టడిదే. ఇకమీదట మానినవాళ్లు పాక బయట కాపలా పడుకోండి. కూడు మాత్రం ఇక్కడే."

అంతే, మిగతా కుక్కలన్నీ ఒక్కసారిగా తిన్నగా లేచి నిలబడ్డాయి. ఆ అదురుకి కొండ రెండు బారలు పక్కకి జరిగింది.

సరే మనవడా, కథ అయిపోయింది, ఇక లే. ఈ పెరుగన్నం మన గేటు దగ్గర కుంటుతున్న కుక్కకి పెట్టిరా. ఏ కాలితో కుంటుతోందో మాత్రం చూడకు.