జంట టేకులు

"పెళ్లికి జంటగా రెండు టేకు మొక్కలా! మనమూ నాటుదామండీ," అంటూ యుగంధర్ చెయ్యి పట్టుకుని ఊపాను. మాకు పెళ్లయి నెల కాలేదు. పలాస నుంచి ఈ సవరల కొండ దాకా బండి మీద నవ్వుతూనే వచ్చాను.

తను వచ్చింది ఆఫీసు పని మీద. ఊళ్లో చెక్కబొమ్మల షెడ్డుకు నిధులొచ్చాయి. దానికోసం కొట్టే తొలి చెట్టుకు ఈరోజు గుర్తు పెట్టకపోతే వెనక్కి పోతాయి.

"జంటలో ఒకలు పోతేగాని సెట్టు కొట్టం బాబూ," అన్నాడు ఊరిపెద్ద బెన్నయ్య. "ఇప్పుడందరూ ఉన్నారు."

"నావి కొట్టీండి," అంది అక్కడ చేరిన ఆడవాళ్లలోంచి సుక్కమ్మ.

బెన్నయ్య గిరుక్కున తిరిగాడు. "నీ పెనిమిటి సెన్నైలో ఉన్నాడు కదే?"

"ఉన్నాడన్నది నేనే కదా మావా. మీరెవులూ అన్నేదు."

"ఇన్నేళ్లకి కబురేటైనా వచ్చిందా?"

"నేదు. ఆడోళ్లమంతా జీడిపిక్కలు కొట్టడానికి కాశీబుగ్గ దిగుతన్నాం. షెడ్డు రానీ, ఊళ్లోనే పనుంటాది."

సున్నం తీసుకుని రెండు చెట్లకూ తనే గీత పెట్టింది. చెయ్యి చీరకు తుడుచుకుని నా వైపు చూసింది.

"మొక్కలు కావాలన్నావు కదమ్మా, రా."

నా చెయ్యి యుగంధర్ చేతిలోనే ఉంది. ఊపడం ఎప్పుడు ఆపానో తెలియదు.