కదలని పడవ

రాయి, పెల్హమ్ నాయనా. నాకు అక్షరమ్ముక్క రాదు. నోటీసు తెచ్చినవాడివి నువ్వే కాబట్టి మీ కాలవ ఆఫీసుకి జవాబూ నువ్వే రాయాలి. ఇంజను చప్పుడు పట్టించుకోకు, బ్యాటరీ నింపుకుంటోంది. నేనిలా వెనక నిలబడే చెప్తాను.

అయ్యా, థర్జా అనే ఈ ముసలిదాని పడవ నెలల తరబడి ఒక్కచోటే ఉంది, కాలవలో పడవ చోటు మారుతుండాలన్న రూలు తప్పింది, లైసెన్సు తీసేస్తాం అన్నారు. ఈ పడవే నా ఇల్లు. కదలనివల్లా మీ కుర్చీలకి అతుక్కున్న పిర్రలు!

ఏం, ఆ మాట రాస్తే ఉద్యోగం పోతుందా? ఇక్కడ నా కొంపే పోతోంటే! పిర్రలనే రాయి. బేకన్ రొట్టె చల్లారకముందే తిను, టీ పోసుకో.

చివరి ముక్క. ఈ పడవ కదులుతుందనడానికి సాక్షి మీ పెల్హమే.

సంతకం పెట్టు నాయనా. కిటికీ తెర తీసి చూసి, ఏ ఊళ్లో ఉన్నామో అదీ రాయి. నీ సైకిలు మాత్రం పొద్దున మనం బయల్దేరిన వంతెన దగ్గరే ఉంది.