కుచ్చున్న కోడి

“దీన్ని కొయ్యకండమ్మా. ఇది పెట్ట.”

పెంట ఎత్తుకోవడానికొచ్చిన ముసలావిడ మాట అది. చేటలో బియ్యం ఏరుకుంటున్న సామ్రాజ్యం తల కూడా ఎత్తలేదు.

ఆవిడ గురువారం గురువారం వినగడప నుంచి వస్తుంది. కోళ్ల గూడు ఊడ్చి, గంపెడు పెంట ఎత్తుకుని, సాయంత్రం బస్సుకి పోతుంది. నాలుగు నెలలుగా వస్తున్నా సామ్రాజ్యం పేరడగలేదు. గూడు శుభ్రపడుతోంది, అది చాలు.

“పెట్టేంటి? రొమ్ము మీద గుర్రపు వెంట్రుకల్లా అంత కుచ్చు వేలాడుతుంటే?”

“టర్కీల్లో కొన్ని పెట్టలకీ వస్తుందమ్మా కుచ్చు.”

“మరి ఆ చిన్నవాటికి లేదే?”

“వాటికింకా వయసు రాలేదు. ఆ రెండూ పుంజులే.”

సామ్రాజ్యానికి ఒళ్లు మండింది.

తిరువూరులో ఇంకెవరింట్లోనూ లేని టర్కీ కోళ్లవి. క్రిస్మస్ ముందు పెద్దదాన్నీ, ఆ తర్వాత రెండు పిల్లల్నీ గుడి ఫాదర్ గారే ఇచ్చారు. “పిల్లల్ని చేయించమ్మా, పేదిళ్లకి తలా ఒక జత ఇద్దాం” అన్నారు. సరేనంది. ఆ సరే అన్న రోజు నుంచి మనసుకి నిలకడ లేదు.

నాటుకోడి పిల్లయితే నెత్తిమీద జుట్టు చూసి చెప్పొచ్చు. వీటికి అన్నింటికీ బోడి తలలే. చిన్నవాటిలో ఒకటి తోక విప్పుతుంది, అది పుంజు. రెండోది మూలన ముడుచుకుని ఉంటుంది, అది పెట్ట. పెద్దదానికి కుచ్చుంది, కాబట్టి పుంజు. అలా లెక్క తేల్చుకుంది. ఈస్టరుకి ఫాదర్ గారు భోజనానికొస్తున్నారు. రెండు పుంజుల్లో ఒకటి పోతే నష్టమేముంది?

ఒక్కటే గుచ్చుకుంటోంది. పుంజు గొడగొడమని అరవాలట. ఇది అరవదు.

“పెట్టని నీకెలా తెలుసు?”

ముసలావిడ చీపురు పుల్లతో చూపించింది. “రెట్ట చూడండి. పెట్టది చుట్ట చుట్టుకుని పడుతుంది. పుంజుది పొడుగ్గా, చివర కొక్కెంలా వంగి ఉంటుంది.”

“బాగుంది. రెట్ట చూసి జాతకం చెబుతున్నావా?”

“పది రోజులాగండమ్మా. ఇది గుడ్డుకొచ్చింది.”

“ఆగితే ఆ పది రోజుల పెంటా నీకే వస్తుందిగా.”

పెద్దకోడి వచ్చి ముసలావిడ కొంగు పొడుస్తుంటే, దాని వీపు నిమురుతూ కూర్చుంది.

“నువ్వింక లే. ఈ ఎమర్జెన్సీ పుణ్యమా అని మీ గంపలగూడెం బస్సు టైముకే పోతోంది.”

ఆవిడ గంప ఎత్తుకుని లేచింది. గేటు దగ్గర ఒకసారి ఆగి, వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున్నుంచీ సామ్రాజ్యం గూటి దగ్గరకి అయిదుసార్లు వెళ్లింది.

“ఆ గూటి చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతావు? సిలువ మార్గానికి రావా?” అన్నాడు భర్త శౌరయ్య. ఆయన హైస్కూల్లో మేష్టారు.

“వస్తాను. అది అరవదేంటండీ?”

“తపస్సు కాలం గదా, మౌనం పట్టింది.”

శనివారం గూటి ముందు గొంతుక్కూర్చుని చూసింది. రెట్ట నిజంగానే రెండు రకాలుగా ఉంది. చుట్టలా పడినవి పెద్దకోడి నిలబడ్డ చోటే ఉన్నాయి. ఎవరినైనా అడుగుదామంటే టర్కీ కోడి సంగతి తెలిసినవాళ్లెవరు?

ఆదివారం పూజ నుంచి వచ్చేసరికి మొహిద్దీన్ కత్తితో అరుగు మీద కూర్చున్నాడు. ఆ వీధిలో ఎవరింట్లో కోడి తెగాలన్నా అతనే రావాలి.

“మొహిద్దీన్, ఇది పుంజేనంటావా?”

“కుచ్చు కనపడుతున్నా అనుమానమేంటమ్మగారూ? రేపు నా గెడ్డం చూసి కూడా అడిగేట్టున్నారు.”

సామ్రాజ్యం నవ్వింది. నవ్వేశాక ఇంక ఆగమనలేకపోయింది.

కాసేపటికి పెరట్లోంచి పిలిచాడు. “అమ్మగారూ, ఇలా రండి.”

కోడి కడుపులో పచ్చటి సొనల గుత్తి. రేగుపండంత నుంచి నిమ్మకాయంత దాకా.

సామ్రాజ్యం మిగిలిన రెండింటి వైపు చూసింది. మూలన ముడుచుకునే కోడి ఎండలోకొచ్చి, మొదటిసారి తోక విప్పుకుని నిలబడింది.

మధ్యాహ్నం ఫాదర్ గారు భోజనానికి కూర్చున్నారు.

“దేన్ని కోశారమ్మా?”

“పెద్దదాన్ని ఫాదర్ గారూ. పుంజనుకున్నాం. తీరా కోశాక చూస్తే పెట్ట.”

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది.

“జ్ఞానమణి చెప్పలేదా?”

“జ్ఞానమణి ఎవరండీ?”

“వినగడప ముసలావిడ. గురువారాలు మీ ఇంటికొస్తున్నానందే.”

సామ్రాజ్యం గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “చెప్పింది. నేనే వినలేదు.”

“దాని పిల్లల్లో ఒక పెట్టపిల్లని తనకిప్పించమని నన్నడిగింది. మధ్యలో నేనెందుకు, అమ్మనే అడుగు అన్నాను. అడగలేదా?”

“పెంట తప్ప ఏమీ అడగలేదండీ.”

“అయినా మీరిచ్చిన కోడి పిల్లని ఆవిడ అడగడమేంటి ఫాదర్ గారూ?” అన్నాడు శౌరయ్య.

ఫాదర్ గారు కంచం పక్కకి జరిపారు.

“కాన్వెంటులో పనిచేసేటప్పుడు ఒక్క టర్కీ గుడ్డు అడిగి తెచ్చుకుని, నాటుకోడి కింద పొదిగించి, పుట్టిన ఈ కోడినే కోతల పండక్కి గుడిలో కానుకగా పెట్టింది ఆవిడేనయ్యా, దేవుడికిచ్చాక మళ్లీ నాదనకూడదని మీకు చెప్పనివ్వలేదు.”