ముప్పై మూడో అర్థం

"టేక్ తప్ప నీకు ఇంకో క్రియ రాదా?" అంటూ ఇంగ్లీషు లెక్చరర్ జయరావు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"వస్తాయి సార్. అవసరం పడలేదు" అన్నాడు దొరస్వామి.

వెనక వరసలో ఉన్న గైడ్లు నవ్వారు. జయరావు నవ్వలేదు.

దొరస్వామి పద్దెనిమిదేళ్లుగా రేణిగుంట స్టేషన్లో గైడు. రైలు దిగిన యాత్రికులను పట్టుకుని కొండకు తీసుకుపోయి, దర్శనం చేయించి, మళ్లీ రైలెక్కించడం అతని పని. హిందీవాళ్లతో హిందీ, తమిళులతో తమిళం, తెల్లవాళ్లతో టేక్. టేక్ బాత్ అంటే స్నానం. టేక్ గాడ్ అంటే దర్శనం. సన్ టేక్ హెడ్ అంటే ఎండ మాడ్చేస్తోంది, నెత్తికి తువ్వాలు చుట్టుకోండి అని. మంకీ టేక్ స్పెక్స్ అంటే విప్పి చెప్పే లోపలే కళ్లజోడు పోయేది. ఇన్నేళ్లలో అతన్ని నమ్ముకున్న తెల్లవాడెవడూ దారి తప్పలేదు, పస్తు పడుకోలేదు.

డెబ్బై ఎనిమిదిలో కొత్త రూలు వచ్చింది. ఇంగ్లీషు పరీక్ష పాసైన గైడుకే బిళ్ల. చొక్కాకు బిళ్ల లేనివాడు ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టకూడదు. పరీక్ష చేసేది జయరావు.

జయరావు చెడ్డవాడేం కాదు. ఇంగ్లీషు విషయంలో కాస్త మడి ఎక్కువ, అంతే. ఆ ఒక్క టేక్ మీద పదకొండేళ్లు కూర్చుని ముప్పై రెండు అర్థాలు ఏరి, నల్ల అట్ట నోటుబుక్కులో ఎక్కించాడు. మందు వేసుకున్నా టేకే, సెలవు పెట్టినా టేకే, ఫొటో తీసినా టేకే. విమానం లేచినా, కొడుక్కి తండ్రి పోలిక వచ్చినా, పక్కన ఇంకో చిన్న మాట చేర్చుకుని మళ్లీ టేకే. ముప్పై మూడోది ఎవడూ చూపించలేడని ఆయన ధీమా. అంత గొప్ప మాటను ఒక స్టేషను గైడు ఎక్కడ పడితే అక్కడ వాడి పారేస్తుంటే ఆయనకు ఒళ్లు మండింది.

"సన్ టేక్ హెడ్! ఏ తెల్లవాడైనా ఇట్లా మాట్లాడతాడా? ఒక్కడంటే ఒక్కడి నోట వినిపించు, ఇక్కడే సంతకం పెడతా" అన్నాడు. జయరావు అతని కాగితం మీద ఫెయిల్ అని రాశాడు. "పదిహేనో రోజు మళ్లీ రా. అదే ఆఖరు."

ఆ రోజు దొరస్వామి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి రైలు కూత వినగానే అలవాటుగా స్టేషనుకు పోవడం, కటకటాల బయటే ఆగిపోవడం. లోపల నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు బిళ్లలు తగిలించుకుని తిరుగుతున్నారు. అతనికి సిగ్గేసింది. ఈ వయసులో ఇంకో పని ఏం చేతనవుతుందని భయం కూడా వేసింది.

ఐదో రోజు మద్రాసు బండి దిగిన ఒక తెల్లాయన గేటు దాటి నాలుగడుగులు వేసి, కడుపు పట్టుకుని కూలబడ్డాడు. అందరూ చుట్టూ మూగారే గానీ ఎవరూ ముట్టుకోలేదు. దొరస్వామి ఆయన్ను రిక్షాలో వేసుకుని నేరుగా ఇంటికి తీసుకుపోయాడు. భార్య ఆనందమ్మ గంజి కాచి పోసింది.

"ఏమయ్యా, ఈ దొర నోరే తెరవడు. మూగోడా ఏంది?" అంది రెండో రోజు.

"జొరం గదా మే. తగ్గితే ఆయనే మాట్లాడతాడులే."

జ్వరం తగ్గింది. మాట్లాడాడు కూడా. పది రోజులు ఆ ఇంటి అరుగు మీదే పడుకున్నాడు. రాగిసంగటి తిన్నాడు. దొరస్వామి వెంట కొండకు పోయి వచ్చాడు. సాయంత్రమైతే ఇద్దరికీ అరుగు మీద ఒకటే కబుర్లు. ఇంత స్నేహం ఎప్పుడు కలిసిందా అని ఆనందమ్మ ఆశ్చర్యపోయింది.

పదిహేనో రోజు దొరస్వామి ఆయన్ను వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్లాడు.

తెల్లాయన్ను చూడగానే జయరావు లేచి తన కుర్చీ ఇచ్చాడు. తను నిలబడే ఉండి, మా ఊరు మీకెలా ఉంది సార్ అని ఇంగ్లీషులో నాజూగ్గా అడిగాడు.

తెల్లాయన ఒకసారి దొరస్వామి వైపు చూశాడు. నెత్తి తడుముకున్నాడు.

"సన్ టేక్ హెడ్" అన్నాడు.

జయరావు తను సరిగ్గా విన్నాడో లేదో అని ముందుకు వంగాడు.

"సన్ టేక్ హెడ్" అన్నాడు తెల్లాయన మళ్లీ, ఈసారి ధైర్యంగా. "ఐ టేక్ షేడ్. మార్నింగ్ ఐ టేక్ గాడ్. గాడ్ టేక్ త్రీ అవర్."

జయరావు నల్ల అట్ట నోటుబుక్కు తెరిచి, ముప్పై మూడు అని అంకె వేసుకున్నాడు. వరండాలో మూగిన విద్యార్థులను లోపలికి రమ్మన్నాడు.

"విన్నారా? ఇది పుస్తకాల్లో దొరికే ఇంగ్లీషు కాదు. ఉగ్గుపాలతో అబ్బాలి. మనం వ్యాకరణం పట్టుకుని వేలాడతాం, వీళ్లకు దాంతో పనే లేదు. రాసుకోండి."

విద్యార్థులు రాసుకున్నారు.

ఆయన దొరస్వామి కాగితం తీసి ఫెయిల్ అన్న మాట కొట్టేశాడు. సంతకం పెట్టాడు.

"నేనే తొందరపడ్డానప్పా. ఏమీ అనుకోవద్దు" అన్నాడు కాగితం చేతికిస్తూ. "ఒక్క మాట చెప్తా విను. ఈయన ఊళ్లో ఉన్నన్నాళ్లూ వదలొద్దు. దగ్గర కూచుని ఇంకో నాలుగు ముక్కలు నేర్చుకో. మళ్లీ మనకు ఇట్లాంటి ఇంగ్లీషు యాడ దొరుకుతాది?"

ఆనందంలో ఆయనకు సొంత ఊరి యాస వచ్చేసింది.

"అట్లే సార్" అన్నాడు దొరస్వామి తల వంచుకుని.

సొంత ఊళ్లో చెక్కబొమ్మలు చేసుకుని బతికే ఆ ఇటలీ మనిషికి, పది రోజుల కిందట రేణిగుంటలో రైలు దిగేనాటికి, ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా రాదు.