ఊసరవెల్లి డాక్టరేటు

శిల్పం పాఠాలు చెప్పే మేడం పెద్దాయన గడ్డం పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గడ్డం ఊడలేదు. గడ్డంతోపాటు పెద్దాయనే లేచి వచ్చాడు.

“వదలమ్మా తల్లీ, ఇది నా సొంతం,” అన్నాడాయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ. “పరీక్ష చెయ్యమంటే రైలెక్కి వచ్చినవాణ్ణి. నన్నే పరీక్షిస్తే ఎలాగ?”

మూల కుర్చీలో కూర్చున్న మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. ఆ గడ్డం ఊడి ఉంటే, దాంతోపాటే తన శిష్యుడి డాక్టరేటు కూడా ఊడిపోయేది.

ఆ శిష్యుణ్ణి కళాశాలలో అందరూ ఊసరవెల్లి అంటారు. వేషం కట్టడం వాడి విద్య. పోస్టుమాన్ వేషం కడితే కుక్కలు వెంటపడతాయి, వైద్యుడి వేషం కడితే వీధిలో సగంమంది అడక్కుండానే నాలుక చాపుతారు. ఒకసారి చెట్టు వేషం కట్టి నిలబడితే కాకి గూడు కట్టి, గుడ్లు పెట్టి, పొదిగి మరీ పోయిందంటారు. పొదిగిందన్న మాట నమ్మనక్కర్లేదు. గుడ్లు పెట్టిన మాట మాత్రం నిజం.

అలాంటివాడు ఆ విద్యతోనే డాక్టరేటుకు చేరాడు. రాసి అప్పజెబితే సరిపోయే చదువు కాదది. కళ చేసి చూపించాలి, చేసినదాన్ని గురించి రాయాలి, రెండూ కుదిరితేనే పట్టా. బొమ్మలు వేసేవాళ్ళు పరీక్ష రోజున గోడలకు బొమ్మలు తగిలిస్తారు. కుండలు చేసేవాళ్ళు బల్లమీద కుండలు పేరుస్తారు. వీడేమో తన గ్రంథం చివర ఓ సవాలు విసిరి కూర్చున్నాడు. పరీక్షనాడు మీ మధ్యనే ఉంటాను, గంటలోగా పట్టుకుంటే ఓడినట్టు, పట్టుకోలేకపోతే పట్టా ఇవ్వండి అని.

కిందటిసారి ముసలమ్మ వేషంలో బాగానే వచ్చాడుగానీ, పహిల్వానులా తుమ్మి దొరికిపోయాడు. ఈసారీ దొరికితే మూటాముల్లే సర్దుకోవడమే. మాస్టారి చేతికింద ఇంతవరకూ ఒక్క పురుగు కూడా డాక్టరు కాలేదు. పదవీ విరమణ ముంచుకొస్తోంది. ఆయనకు మిగిలిన ఆశ ఈ ఊసరవెల్లి ఒక్కడే.

మేడం ఈసారి గుమస్తా మీద పడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ అటు తిరగ్గానే అతను మీసం తడుముకున్నాడు. ఇంకేం, తడిబట్ట పెట్టి రుద్దారు. మీసం పోలేదు. మీసం నలుపు పోయింది. ఇంట్లో ఇంకా తన వయసు తక్కువే అనుకుంటున్నారనీ, ఈ సంగతి బయటికి పొక్కనివ్వొద్దనీ అతను చేతులు పట్టుకుని బతిమాలుకున్నాడు.

ఇక మిగిలింది నిచ్చెనెక్కి ఫ్యాను బాగుచేస్తున్న ఎలక్ట్రీషియన్. వచ్చినప్పటినుంచీ గోడవైపు మొహం పెట్టే ఉన్నాడు. నోట్లోంచి ఒక్క మాట ఊడిపడలేదు. స్క్రూడ్రైవరు తిప్పేది ఎడమచేత్తో. ఊసరవెల్లిదీ ఎడమచేతి వాటమే. ఆ చెయ్యి ఎవరిదో మాస్టారు పోల్చేసుకున్నారు.

మేడం చూపు మెల్లగా నిచ్చెన ఎక్కసాగింది.

“ఏమయ్యా, ఓసారి కిందికి దిగు.”

మాస్టారు గబుక్కున లేచి నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డారు.

“అతని పని అతన్ని చేసుకోనివ్వండి మేడం. గదిలో ఇంతమందిని గుంజారు, నన్నెందుకు వదిలేశారు?”

“బాగుందండీ, ఇన్నేళ్ళుగా పక్కగదిలో ఉన్నాను, మిమ్మల్ని నేనెరగనా?”

“ఎరుగుదురా? అయితే ఇదేమిటో చెప్పండి.”

అని మాస్టారు నెత్తిమీద విగ్గు తీసి బల్లమీద పెట్టారు.

కట్టుకున్న భార్యకు తప్ప పిట్టకైనా తెలియని రహస్యం అది. శిష్యుడి కోసం ఆయన దాన్ని పట్టపగలు పదిమందిలో ఒలిచి పెట్టారు. ఆ నున్నటి గుండు చూసేసరికి, దొంగ దొరికాడని మేడం మొహం వెలిగిపోయింది. ఆయన చెవులు మెలిపెట్టింది. బుగ్గలు సాగదీసింది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, కింద ఇంకో తొడుగు ఉందేమోనని గుండును గోటితో గీరి చూశాడు. మాస్టారు పళ్ళబిగువున అంతా ఓర్చుకున్నారు. ఆ సందట్లో గంట కాస్తా గడిచిపోయింది.

పెద్దాయన చేతులెత్తేశాడు. కళాకారుడు కళలో కరిగిపోతాడని పుస్తకాల్లో చదవడమేగానీ, ఇలా కళ్ళారా చూడలేకపోవడం ఇదే మొదటిసారి అన్నాడు. ఇక బయటపడు నాయనా అని బీరువాను ఉద్దేశించి ఆప్యాయంగా పిలిచాడు. బీరువా పలకలేదు. గెలిచాక కూడా వేషం విప్పని ఆ నిగ్రహానికి మరీ ముచ్చటపడి, పట్టా ఇవ్వొచ్చన్న మాట పక్కన ‘విశిష్ట ప్రతిభ’ అని కూడా రాసి సంతకం పెట్టాడు. మేడం మూతి ముడుచుకుంటూనే కింద తన సంతకమూ గీకింది.

వాళ్ళు కాఫీకి వెళ్ళగానే మాస్టారు నిచ్చెన దగ్గరికి నడిచి, ఎలక్ట్రీషియన్ పిక్క మీద ముద్దుగా గిల్లారు.

“శభాష్ రా. నా పరువు నిలబెట్టావు.”

అతను బిత్తరపోయి కిందికి చూశాడు. “ఫ్యానింకా తిరగలేదండీ,” అన్నాడు.

ఎవరూ లేనప్పుడు కూడా వేషం వదలడంలేదని మాస్టారికి కళ్ళు చెమర్చాయి. విగ్గు బల్లమీద ఉన్న సంగతే మరిచి వరండాలోకి వచ్చి, ఈ శుభవార్త ముందు కన్నతల్లికి చెప్పాలని ఊసరవెల్లి ఇంటికి ఫోను చేశారు.

“అమ్మా, మీవాడు డాక్టరైపోయాడు. గంటసేపు మా కళ్ళముందే ఉన్నా ఒక్కరూ పోల్చుకోలేకపోయారనుకోండి.”

అవతల ఆవిడ ఎవరో లేస్తారన్నట్టు గొంతు బాగా తగ్గించింది.

“పరీక్ష రేపని ఇంకా పడుకునే ఉన్నాడండీ.”