కళ్లు మూసుకోండి

"విశాల్‌గాడు కాలవలో పడటం ఎవురో చూశారంట. మీ మందిరానికి వచ్చేవాళ్లేనంట. ఎవురో కనుక్కొని చెప్పు," అన్నాడు కోటయ్య.

పాస్టర్ బాబూరావు నిలబడే ఉన్నాడు. కోటయ్య వరండాలో కుర్చీలకు కొదవ లేదు. కూర్చోమన్నవాళ్లు లేరు.

కారంపూడికి అవతల ఉన్న ఆ ఊళ్లో కోటయ్య మాటే చట్టం. ఎన్నికలొస్తే ఆయన మనుషులు తప్ప ఇంకెవరూ నామినేషన్ వేయరు. పెళ్లికి మైకు పెట్టుకోవాలన్నా ఆయన్నే అడగాలి. మందిరానికి శ్లాబు ఆయనే వేయించాడు. అప్పటినుంచి ఆయన ఫ్లెక్సీ మందిరం లోపలే, వాక్యం రాసిన గోడ పక్కనే వేలాడుతోంది. ప్రతి ఆదివారం ప్రార్థన చివర ఆయన పేరెత్తి దీవించమని బాబూరావు దేవుణ్ణి అడుగుతాడు. పక్క ఊరి పాస్టరు అలా అడగనన్నాడు. వారం తిరక్కుండా ఆయన ప్రార్థన షెడ్డుకు రేకులు లేకుండా పోయాయి.

విశాల్ ధనమ్మకు ఒక్కగానొక్క కొడుకు. వార్డుకు నామినేషన్ వేస్తానన్నాడు. మర్నాడు కుడి కాలవలో శవమై తేలాడు. కాలు జారిందన్నాడు కోటయ్య. ఊరంతా అదే అంది.

విచారణకని గురజాల నుంచి ఆఫీసరమ్మ ఒకసారి వచ్చింది. బడిలో కూర్చుంది. గేటు దగ్గర మస్తాన్‌రావు, ఇంకో ముగ్గురు నిలబడ్డారు. నలుగురూ కోటయ్య దగ్గర పనిచేసేవాళ్లే. ఆదివారం మందిరంలో వెనక చాప మీద కూర్చునేవాళ్లే. వాళ్లను దాటుకుని ఒక్క ప్రాణి కూడా లోపలికి పోలేదు. సోమవారం ఆమె మళ్లీ వస్తోంది. ఈసారి కూడా ఎవరూ నోరు విప్పకపోతే ఫైలు మూసేస్తారు.

"ఎట్టా కనుక్కునేదండీ?" అన్నాడు బాబూరావు.

"ప్రార్థనలో చేతులెత్తిస్తావు గదయ్యా. అట్టానే."

ప్రసంగం అయ్యాక అందరినీ మోకాళ్ల మీద ఉండమనడం ఆ సంఘంలో అలవాటు. కళ్లు మూసుకోమంటాడు. మనసులో భారం ఉన్నవాళ్లను చెయ్యెత్తమంటాడు. ఎవరెత్తారో పక్కవాళ్లకు కూడా తెలియదు. పాస్టరు ఒక్కడే చూసి వాళ్ల కోసం ప్రార్థన చేస్తాడు. తాగుడు మానలేనివాళ్లు, మొగుడి చేత తన్నులు తినేవాళ్లు ఆ ధైర్యంతోనే చెయ్యెత్తుతారు.

"అందరూ కళ్లు మూస్తేనే చేతులు లేస్తాయండీ. మీవాళ్లు కూడా మూయాలి."

"మూస్తార్లేవయ్యా. నువ్వొక్కడివి తెరిచి పెట్టుకో, చాలు. నువ్వు చెప్పకపోతే ఇల్లిల్లూ తిరిగి నేనే అడుగుతా. అప్పుడు చానా కష్టమైద్ది."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ధనమ్మ కూర్చుని ఉంది.

"అయ్యగారూ, నా బిడ్డని ఎవురో ఒకరు చూసే ఉంటారు. వాళ్ల నోరు తెరిపించండి. మీరు తప్ప నాకెవురున్నారు?"

బాబూరావు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

ఆదివారం ఆయన భార్య వందన ఎప్పటిలాగే ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకుంది. ప్రసంగం పొట్టిగా ముగిసింది.

"మోకాళ్ల మీద ఉండండి. కళ్లు మూసుకోండి. విశాల్ సంగతి తెలిసి కూడా చెప్పలేక నలిగిపోతున్నవాళ్లుంటే చెయ్యెత్తండి. నేను తప్ప ఎవరూ చూడరు."

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ప్రార్థన మొదలు కావడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు బాబూరావు కోటయ్య పేరెత్తడం కూడా మర్చిపోయాడు.

మధ్యాహ్నం వందన అన్నం పెట్టింది. ఆయన సగంలోనే చెయ్యి కడుక్కుని కోటయ్య ఇంటికి వెళ్లాడు.

"మస్తాన్‌రావండీ," అన్నాడు తల దించుకుని. "ఆ ముగ్గురు కూడా."

కోటయ్య ముందు నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. విశాల్ పోయిన సాయంత్రం కాలవ గట్టు మీద ఉన్నది ఆ నలుగురే. చెప్పింది తను, చేసింది వాళ్లు. దేవుడి భయం పట్టుకున్న మనిషి ఏమైనా వాగుతాడు. అసలు ఎవరినీ నమ్మకపోవడం వల్లే ఆయన ఇన్నేళ్లూ ఊరిని గుప్పిట్లో పెట్టుకోగలిగాడు.

"బైబిలు మీద ఒట్టండీ, మేం చెయ్యెత్తలా," అని నలుగురూ కాళ్ల మీద పడ్డారు. కోటయ్య వినలేదు. కొడుకులతో కొట్టించి, మిరపకాయల గోడౌన్‌లో పెట్టి తాళం వేయించాడు.

తెల్లారేసరికి పాస్టరే పేర్లు చెప్పాడని ఊరంతటికీ తెలిసిపోయింది. ధనమ్మ వచ్చి పాస్టరు గుమ్మం ముందు ఉమ్మేసింది.

"దేవుడి ముందు ఎత్తిన చేతుల్ని అమ్ముకున్నావు. నీకంటే ఆ కోటయ్య నయం. ఆయన బైబిలు పట్టుకోడు."

బాబూరావు తన సంఘంలో మనుషుల్ని చేతులారా దెబ్బలకు అప్పగించాడు. ఆ పాపం ఏ ప్రార్థనతో పోతుందో ఆయనకు తెలియలేదు.

ఆఫీసరమ్మ వచ్చి బడిలో కూర్చుంది. కోటయ్య, ఆయన కొడుకులు గోడౌన్ దగ్గరే ఉన్నారు. ఇంకా ఎవరెవరికి చెప్పారో ఆ నలుగురి చేత కక్కిస్తున్నారు. బడి గేటు దగ్గర కాపలా లేదు. సాక్షులే గోడౌన్‌లో పడి ఉంటే ఇంకెవరొస్తారనుకుని జనం కోతలకు పోయారు. ధనమ్మ మాత్రం ఊరికే ఉండలేక వచ్చి, బడి గోడ నీడన కూలబడింది.

కాసేపటికి నెత్తిన కొంగు కప్పుకున్న ఒకామె గేటు దాటి గబగబా లోపలికి నడిచింది. ఆమెను చూసి ధనమ్మ లేచి నిలబడింది.

ఆదివారం అందరూ కళ్లు మూసుకున్నప్పుడు మందిరంలో లేచింది ఒకే ఒక్క చెయ్యి, అది బాబూరావు భార్య వందనది.