సిలోన్ పెళ్లి

"పెళ్లి లంకలనా? మీకు మతి గిట్ల పోయిందార?" అంటూ లక్ష్మీనర్సమ్మ కండెలు చుట్టే రాట్నాన్ని పక్కకు నెట్టింది.

కొడుకు వెంకటరాజం మగ్గం గుంటలోంచి తలెత్తలేదు. "లంక గాదే అమ్మా, సిలోన్."

"పేరు మారిస్తె ఊరు మారుతదా? ఆడపిల్లను ఆ దేశానికి ఎత్తుకపోయినోని సంగతి ఇన్నంగని, కన్నోళ్లే మూట గట్టుకొని తోల్కపోవుడు ఇప్పుడే జూస్తున్న."

వెంకటరాజం కూతురు, పెళ్లికూతురు అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆమె చేతిలో బావ సీతారాములు రాసిన ఉత్తరం ఉంది. నందికొండ కట్ట దగ్గర పని నేర్చుకొని, ఇప్పుడు సిలోన్‌లో ఇంకో ఆనకట్ట పనిలో ఉన్నాడతను. మూడేళ్లకు ఒకసారే సెలవు. అడిగితే ఇప్పుడు కుదరదన్నారట. పెళ్లి ఇక్కడే చేద్దాం, నలుగురూ రండి అని రాశాడు.

"మరి ఐరేని కుండలో?" అంది ముసలమ్మ.

కుమ్మరి ఇంటికి డప్పులతో వెళ్లి, తెల్లని సున్నంతో, ఎర్రని జాజుతో ముగ్గులేసిన ఆ కుండలు తెచ్చుకుంటేనే వాళ్లకు పెళ్లి. సిలోన్‌లో కుమ్మరి ఇల్లు ఎక్కడని వెతుకుతారు?

వెంకటరాజం మగ్గం దిగి కుమ్మరి బిక్షమ్మ దగ్గరికి వెళ్లాడు. "బెజవాడ దాక బస్సు, మద్రాసు దాక రైలు, ఆడికెల్లి ధనుష్కోటి, అటెంక ఓడ. పగలకుంట పోతయా బిక్షమ్మా?"

"నేను జేసిన కుండ నీళ్లకు ఓర్సుకుంటది, నిప్పుకు ఓర్సుకుంటది. రైలుకు ఓర్సుకుంటదని ఎన్నడన్న జెప్పిన్నా?" అంది బిక్షమ్మ. తరువాత తనే ఒక ఉపాయం చెప్పింది. ఒక దాంట్లో ఒకటి ఇమిడేటట్టు చేస్తుంది. మధ్యలో తెగిన నూలు కుక్కాలి. "అయినా పగిలితె నన్ను పిలువుండ్రి. ఆ దేశం మట్టి ఎట్లుంటదో జూసొస్త."

మంచిరోజు చూసి డప్పులతో కుండలు తెచ్చుకున్నారు. లక్ష్మీనర్సమ్మే అందరికంటే ముందు నడిచింది. "కుండల కోసం వచ్చిన గని ఓడెక్క" అని దారిలో కనిపించిన ప్రతివాళ్లకూ చెప్పింది.

ఇంట్లో మూటలు మొదలయ్యాయి. అండాలు తల్లి సుభద్రమ్మ ఒక సంచి నిండా కొబ్బరికాయలు సర్దుతోంది.

"అమ్మా, ఆడ ఏడ జూసినా కొబ్బరిచెట్లేనట. బావ రాసిండు."

"ఉంటే ఉండనీ. ఎవలయో ఏమో, పూజకు పనికొస్తయో రావో. మనయి మనం తీస్కపోదాం."

అండాలు వచ్చి నాయనమ్మ పక్కన కూర్చుంది. "నువ్వు రాకుంటె నేను పీటల మీద కూసోనవ్వా."

"కూసుంటవ్ తీ. మీ బావను జూస్తె నీకు పీటలే యాదికుండయి."

"నిజంగనే రావా?"

"పాసుపోర్టుకని ఫోటో దిగుమంటె దిగిన. ఏలుముద్ర ఎయ్యమంటె ఏసిన. ఓడ మాత్రం ఎక్క. పెళ్లంటె మన వాకిట్ల, మనోళ్ల నడుమ గావాలె."

అండాలు ఇంక నవ్వలేదు. లేచి లోపలికి పోయింది.

ఓడెక్కేవాళ్లు సూదిమందు వేయించుకొని కాగితం చూపాలి. మరునాడు పొద్దున్నే ముగ్గురూ నల్లగొండ దవాఖానకు బయలుదేరారు. "రానిదానికి సూదెందుకు?" అని లక్ష్మీనర్సమ్మ గడప దాటలేదు.

మధ్యాహ్నం తపాలా రఘుపతి సైకిలు దిగాడు. "అవ్వా, నీ పంతమే నెగ్గింది! సిలోన్ నుంచి తార్ వచ్చింది. పోస్టాఫీసులనే తెలుగుల రాయించుకొచ్చిన, ఇను."

అతను టెలిగ్రాం చదివాడు: "సెలవు దొరికింది. పెళ్లికి నేనే వస్తున్నాను. ప్రయాణం మానండి. సీతారాములు."

ముసలమ్మ మెల్లగా గడప మీద కూర్చుంది.

"సంబురం గాదా అవ్వా? పెళ్లి నీ వాకిట్లనే."

"పెళ్లయినంక పిల్లను ఎన్నొద్దులకు తోల్కపోతడు?"

"పది పదిహేను రోజులల్ల పోవాలె గద."

"మల్ల సెలవు?"

"మూడేండ్లకు."

ఆమె చూపు వాకిట్లో ఆరేసిన నూలు మీద ఉంది. "పిల్ల ఉండే ఇల్లు ఎట్లుంటదో. పొయ్యి ఏ మూలకున్నదో. నీళ్లు ఎంత దూరమో" అంది. అతనితో అన్నట్టు లేదు.

రఘుపతి సైకిలు తిప్పుకున్నాడు.

"ఆగు బిడ్డా. జవాబు తార్ రాస్తవా?"

అతను చెవి మీది పెన్సిల్ తీశాడు.

"రాయి. కుండలు తెచ్చినం, మూటలు గట్టినం. నువ్వు రావద్దు, మేమే వస్తున్నం. గా సెలవు ఇప్పుడు ఖర్సు జేయకు. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తేవాలె, అప్పటికి దాచిపెట్టు."

"ఎంతమంది వస్తున్నరని రాయాలె?"

"నలుగురం."

పెన్సిల్ ఆగింది. అప్పటికే ఆమె లేచి చెప్పుల కోసం చూస్తోంది. "నల్లగొండ బస్సు ఎప్పుడున్నది? సూదులేసే దవాఖాన మూయకముందే పోవాలె."

"పోదువుగని. కింద నీ పేరే ఎయ్యాల్నా అవ్వా?"

"వద్దొద్దు, నా కొడుకు పేరెయ్యి" అంది లక్ష్మీనర్సమ్మ. "నా పేరు జూస్తె ఆ పిలగాడు నమ్మడు."